తోక మీద నిలబెట్టిన సేప

"మామ్మా, ధర్మారావు మావ కొత్తింట్లో సోఫా ఎక్కి నిలబడ్డావట. నిజమేనా?"

ఎవులు సెప్పినారే నీకు? మీ నాన్నేనా? ఆడి కడుపులో మాట దాగదు. ఫోను కూడా ముందరెట్టీసినావేటి, రికాడింగా? సరే, ఉండనీ. తప్పు సేసినోల్లు గదా బయపడాలి. ఎక్కినాను. సెప్పులు గుమ్మంకాడ ఇప్పీసి, కాల్లు కడుక్కుని మరీ ఎక్కినాను. ఆ మాట మాత్రం ఎవులూ సెప్పరు, సూడు.

మొదట్నించి సెప్తాను, ఇను.

మీ ముత్తాత లచ్చయ్య, అంటే మా అయ్య, ఆయనకి అక్కుపల్లిలో సొంత నావుండీది. ఇప్పటి ఫైబరు బోటు కాదు. సెక్కలకి కన్నాలెట్టి, కొబ్బరిపీసు తాడుతో బట్ట కుట్టినట్టు కుట్టీవోరు. ఆ తాడు మన ఉద్దానం తోటలదే. బుట్టెడు కవ్వ సేపలిత్తే మోపెడు తాడొచ్చీది. ఇప్పుడు బుట్టెడు కవ్వలెక్కడివి, మూడు సేపలు తూకమేసి సంచీలో ఎట్టి మొహాన కొడతన్నారు... ఏటి సెప్తన్నాను? ఆఁ, నావ.

నావ ముక్కుకాడ సెక్క మీద బొమ్ముండాలి. ఒడ్డు మీదున్నోల్లకి కెరటాల్లో ఏ నావొత్తన్నాదో దూరంనించి తెలాలి గదా. ఒకలిది సూరీడు, ఒకలిది సింహం. మాది కోనెం సేప. బారెడు సేప, నోరు తెరిసి, పొలుసు పొలుసుకీ లోపలొక సుక్క. మా అయ్య ఊరందరికీ సెప్పీవోడు, నానే గీసినానని. మా అయ్యా! వల లాగడంలో ఆ సేతికి ఎదురు నేదు, అది నానొప్పుకుంటాను. గాని బొమ్మా? పెల్లికొడుకు బుగ్గన సుక్కెట్టమంటే సెవి దాకా పూసీసిన మడిసి.

గీసింది మా అమ్మ. పోలమ్మ.

ఏటలగ సూత్తన్నావు? ఆడకూతురు నావని ముట్టకూడదు గదా అనేనా? ముట్టకూడదు. నిజమే. నానిప్పటికీ ముట్టను. గాని ఒక ఇసయం ఉన్నాది. సెక్క కుట్టినాకే నావ. కుట్టీదాకా అది ఉట్టి సెక్కే, పెరట్లో పీటలాటిదే. అంచేత అయ్య ఆ ముక్కుసెక్కని ముందుగా ఇంటికి మోసుకొచ్చినాడు. జీడిసెట్టు నీడలో ఏసుకుని అమ్మ కూకున్నాది. గవ్వలు కాల్చిన సున్నం, ఎర్రమన్ను, దీపం మసి, అంతే రంగులు. జీడిబంక కలిపీది. ఈతపుల్ల కొస నమిలి కుంచె సేసీది. ఆల్చిప్పలో సున్నం పట్టుకునీది మా అన్నియ్య తాతారావు. నాను ఆరేల్ల గుంటని, తడి రంగు కోడి తొక్కకుండా అదిలించీదాన్ని. అదీ నా ఉజ్జోగం.

బొమ్మ ఎలగ గీసీదో తెలుసా? గుమ్మంలో ముగ్గెలగ ఏత్తారు, అలగే. ముందర సుక్కలెట్టీసి, లోపల్లోపల లెక్కెట్టుకుని, సుక్క సుట్టూ గీత తిప్పీది. అదే పొలుసు. తలకాయ కాడ మొదలెడితే తోక దాకా సెయ్యెత్తీది కాదు.

మర్నాడు అయ్య సెక్క పట్టుకుపోయి నావకి కుట్టీసినాడు. ఇంకంతే. అది నావైపోనాది. అమ్మ మల్లీ దాన్ని ముట్టనేదు. నావ ఒడ్డుకొత్తే తట్ట పట్టుకుని అల్లంత దూరాన నిలబడీది. తను గీసిన సేప కల్లెదురుగానే ఉంటాది. ఉప్పునీటికి సున్నం పెచ్చులూడిపోతంటే సూడ్డమే, సెయ్యెట్టి సరిసెయ్యడానికి నేదు. పక్కన కలాసీలు మా అయ్య ఈపు తడతారు, "ఏం సెయ్యిరా లచ్చయ్యా నీది!" అని. ఆయన మీసం దువ్వుకునీవోడు. అమ్మ సేపలేరుకునీది.

ఆ మంచినీల్లు ఇలగియ్యి.

తరవాతేటి, నావ సివికిపోనాది. అమ్మ పోనాది, అయ్య పోనాడు. సెక్కలన్నీ పొయ్యిలోకెల్లిపోనాయి. ముక్కుసెక్క ఒక్కటీ అన్నియ్య ఇంటికాడ కోల్లగూటికి తలుపైనాది. అన్నియ్య కొడుకు ధర్మారావు పెల్లయిన కొత్తల్లో ఆడి పెల్లాం సుగుణ, నీకు అత్తే గాని నిజం నిజమే, పవిట ముక్కుకడ్డమెట్టుకుని, "ఈ సేపల కంపు సెక్క గుమ్మం ముందరేటండీ, నీల్లపొయ్యిలో ఎట్టీండి" అన్నాది. కోనెం పులుసు మాత్రం రెండోపాలి ఏసుకుంటాది. నానే ఆ సెక్కని లాక్కొచ్చి, కడిగి, మనింట్లో అటకెక్కించినాను. సుగుణ అన్న మాట నాను మర్సిపోనేదు. మర్సిపోను కూడా. ఎందుకు మర్సిపోవాలి?

అలగుండగా మొన్న ఎండలప్పుడు ధర్మారావు కారేసుకుని వచ్చినాడు. పలాసలో జీడిపిక్కల యాపారం గదా, బాగా కలిసొచ్చి కాశీబుగ్గలో రెండంతస్తులు కట్టినాడు. సేతిలో మిఠాయి పొట్లాం. మిఠాయి సూడగానే నాకనుమానమే. మేనత్తని సూడ్డానికి ఆడెప్పుడూ ఉట్టి సేతుల్తోనే వత్తాడు.

"అత్తా, తాత సెక్క నీకాడున్నాదట గదా. కొత్తింట్లో హాల్లో ఎడతాను. ఇప్పుడందరూ పెద్దోల్ల వస్తువులు అలగే ఎడతన్నారు. ఎంత పాతదైతే అంత గొప్ప."

"అలగైతే నన్నూ పట్టుకుపోయి ఎట్టు. మేకు కొట్టడానికి గోడుంటే."

నవ్వినాడు. నాను నవ్వనేదు. "సెక్క ఇత్తాను గాని ఒక్క మాటరా. అడిగినోల్లకి ఇది మా అమ్మ గీసిందని సెప్పాలి." "అలగే అత్తా, అలగే" అని తలూపీసినాడు. జీడిపిక్కల బేరంలో కూడా ఇలగే ఊపుతాడట, తరవాత తూకంకాడ తెలుత్తాదట. నాకా రోజు తెల్దు.

గృహప్రవేశానికి ఎల్లినాను. హాల్లో అడుగెట్టి సూద్దును గదా, సేప తోక మీద నిలబడున్నాది! అడ్డంగా ఈదాల్సిన సేపని నిలువుగా మేకుల్తో బిగించీసినారు, కొబ్బరిసెట్టెక్కతన్నట్టు. ఏటిరా ఇది అంటే, విశాపట్నంనించి ఇల్లు సింగారించీవోడొకడొచ్చినాడట, గోడ సన్నం, నిలువుగా ఐతేనే అందం అన్నాడట. పైన దీపాలు, కింద దీపాలు. సెక్క నిండా వార్నీసు. నూనిలో ఏయించి తీసినట్టు మెరిసిపోతన్నాది మా అమ్మ సేప.

అది కూడా ఊరుకున్నాను. నిజంగా ఊరుకున్నాను. కింద ఇత్తడి రేకొకటి ఉన్నాది, దాని మీద అచ్చరాలు. నాకు సదువు రాదు గాని వయోజన బడిలో గుణింతం దాకా దిద్దినాను. ఏలెట్టి కూడబలుక్కున్నాను. "మా తాత లచ్చయ్య గారు గీసిన చిత్రం." రెండుసార్లు సదివినాను, తప్పు సదివినానేమోనని. తప్పు సదవనేదు.

అక్కడే సుగుణ వచ్చినోల్లందరికీ సెప్తన్నాది, "మా మావగారి నాన్నగారండీ, పెద్ద ఆర్టిస్టు. మాకు ఈ చెక్కంటే ప్రాణం." పట్టుసీర కట్టుకుని సెక్క పక్కన నిలబడి ఫోటోలు. కోల్లగూడు మాట ఎత్తుదునా అనుకున్నాను. శుబకార్యం గదాని నోరు కట్టీసుకున్నాను.

ధర్మారావుని పక్కకి పిలిసి, "ఈ రాతేటిరా?" అన్నాను.

"తాత పేరత్తా. బాగునేదా?"

"నీకు నానేటి సెప్పినాను?"

అటూ ఇటూ సూసి గొంతు తగ్గించినాడు. "అత్తా, ఆడోల్లు నావని ముట్టరని అందరికీ తెలుసు. నానమ్మ గీసిందంటే నవ్వుతారు. నావ తాతది, సెక్క తాతది. భోజనం సెయ్యి, రా."

భోజనం సెయ్యట! ఆడదాని నోరు ముయ్యాలంటే కూడెట్టీడమే ఈల్లకి తెలిసింది. ఎండుసేప ఎండబెట్టడం తెల్దు, నాకు నావ ఆచారం సెప్తాడు! సెక్క కుట్టీదాకా నావ కాదురా అని ఇప్పి సెప్పినాను. ఇన్నాడా? "ఇదిగో, సుక్కలు సూడు" అని గట్టిగానే అన్నాను. వార్నీసు పుణ్యాన సుక్కలన్నీ పైకి తేలినాయి. "ఇవి ముగ్గుసుక్కలు. మీ తాత ఎవులింటి గుమ్మంలో ముగ్గేసినాడో సెప్పు, ఎల్లి సూసొత్తాను." పక్కనున్న ఆడోల్లు కిసుక్కుమన్నారు. ధర్మారావు మొహం ఉడికించిన జీడిపిక్క రంగయిపోనాది.

మా అన్నియ్య అక్కడే కుర్సీలో కూకున్నాడు. "అన్నియ్యా, ఆల్చిప్ప పట్టుకున్నది నువ్వా కాదా? సెప్పు." సెవి మీద సెయ్యెట్టుకున్నాడు. "ఏటీ?" ఆడికి సెవుడు కావాల్సినప్పుడు వత్తాది, అక్కర్లేనప్పుడు పోతాది. బూరెలెట్టమంటావా అని పక్కింటావిడ గొణిగితే మాత్రం, "రెండు సాలు" అన్నాడు.

అప్పుడెక్కినాను సోఫా. సెక్క సోఫా ఎనకాల గోడకుంది, నాను పొట్టిదాన్ని, మరెలగ అందుతాది? పై మేకు పట్టుకుని లాగుతన్నాను. "నా సెక్క నాకిచ్చీండి, నా అటకే దీనికి మంచిది!" సుగుణ పరిగెత్తుకొచ్చి, "పిన్నీ, సోఫా! తెల్లసోఫా!" నాను పడి నడుం ఇరిగితే కట్టొచ్చు గాని, సోఫాకి మరక పడితే పోదు గదా. ధర్మారావు నా కాల్లు పట్టుకున్నాడు. దన్నానికి కాదులే, దింపడానికి. వచ్చినోల్లందరూ ఫోన్లు ఇటు తిప్పీసినారు.

అప్పుడు లెగిసినాడు అన్నియ్య. కర్ర నేలకి తాటించి, "దిగవే పైడీ" అన్నాడు. "అమ్మే గీసింది."

ధర్మారావు నా కాల్లొదిలీసినాడు.

"సున్నం పట్టుకున్నది నానే. అయ్య నా సేత ఒట్టేయించుకున్నాడు. ఆడది గీసిన నావని తెలిత్తే కలాసీలు ఎక్కరు, మన కూడు పోతాది, ఎవులికీ సెప్పకు అన్నాడు."

నాను సోఫా మీదే నిలబడి అడిగినాను, "అయ్య పోయి ఎన్నేల్లయింది అన్నియ్యా? నావ పోయి ఎన్నేల్లయింది? మరిన్నాల్లూ?"

"ఎవులూ అడగనేదే" అన్నాడు.

సూడు మరి. ఎవులూ అడగనేదట. అమ్మ ఆడి మొలకి తాడు కట్టి, ఆడి సీమిడి తుడిసి, ఆడి నోట్లో ముద్దెట్టింది. అయినా ఒకలు అడిగితే గాని ఆ పేరు నోట్లోంచి రాదు. అయ్య సేసిందానికి కూడు కారణం. మరి ఈడికేటి కారణం? నాను దిగిపోనాను. భోజనం మాత్రం సెయ్యనేదు. సీదా ఆటో స్టాండుకెల్లిపోనాను.

నెల్లాల్లు ఆల్లెవులూ పలకనేదు. నానూ పలకనేదు. అప్పుడు ధర్మారావు ఫోను సేసినాడు, "అత్తా, కొత్త రేకు సేయిత్తన్నాను. ఇద్దరి పేర్లూ ఎట్టమంటావా?" అన్నాడు. "నావ బొమ్మ ఎడితే మీ అయ్యగారి తండ్రి పేరెట్టు. ఇది సేప బొమ్మ" అన్నాను. ఫోనెట్టీసినాను.

పోయిన లచ్చివారం ఎల్లినాను సూడ్డానికి. సేప తోక మీదే ఉన్నాది, గోడ సాలదట, దానికి నాను ఇంకా కోపంగానే ఉన్నాను, రాసుకో. రేకు కాడికెల్లినాను. కల్లజోడెట్టుకుని ఏలెట్టినాను. పో. ల. మ్మ.

ఒలమ్మీ, ఒక మాట సెప్పనా. మా అమ్మ పేరు రాసుండగా నాను పుట్టి బుద్దెరిగి ఎప్పుడూ సూడనేదు. ఇల్లు అయ్య పేరు, నావ అయ్య పేరు, పెల్లి కార్డుల్లో అయ్య పేరు. ఆవిడ పోయినప్పుడు రాయి కూడా ఎట్టనేదు మేం. మూడచ్చరాలు. ఇంతే కదేటి, ఇంతకాలం రాయడానికి. సుగుణ టీ తెచ్చి పక్కన నిలబడింది. నాను రేకు మీంచి ఏలు తియ్యనేదు. సల్లారిపోనాది టీ.

సాల్లే, ఆపీ ఆ ఫోను. నీ సెయ్యి సల్లగుండ తల్లీ, నిండు నూరేల్లు బతుకు. గీసినా, కుట్టినా, ఒండినా, నీ సేత్తో ఏటి సేసినా అదే రోజు నీ పేరు నువ్వే రాసీసుకో. దెబ్బలాడ్డానికి నానుంటానా ఏటి...