శుక్రారం కిస్తీ

హనుమకొండ చౌరస్తా దగ్గర ఫ్రిజ్‌ల దుకాణం. మధ్యాహ్నం మూడు దాటింది. గల్లా మీద భాస్కర్ సేటు, పక్కనే ఫైనాన్స్ కౌంటర్లో శ్రీలత. పూలమ్ముకునే కట్టమ్మకు పొద్దున్నుంచీ ఇది మూడో కౌంటరు.

“పన్నెండు కిస్తీలు బిడ్డా, పన్నెండూ కట్టిన. ఇంకేం బాకీ?”

“కిస్తీలు కాదమ్మా, బౌన్సులయి. నాలుగు సార్లు బౌన్స్ అయినయి. ఒక్కోదానికి ఐదొందల తొంభై. మొత్తం రెండువేల మూడొందల అరవై.”

“బౌన్స్ అంటె?”

“ఐదో తారీకు మా కంపెనీ మీ ఖాతాలకెల్లి కిస్తీ గుంజుకుంటది గదా. ఆ రోజు ఖాతాల పైసలు లేవు.”

“ఎట్లుంటయి? ముందురోజే తీసిన గదా.”

“తీసిన్రా? ఎందుకు?”

“శుక్రారమాయె మరి.”

“అంటె?”

“ఐదో తారీకు శుక్రారమచ్చినా, మంగళారమచ్చినా ముందురోజే తీసి కొంగున కట్టుకున్న. ఆ వారం దాటినంక తెల్లారి మల్ల పోయి ఏసొచ్చిన. ఒక్క రోజే! మంగళారం, శుక్రారం ఇంట్ల లక్ష్మిని ఎవలన్న బయటికి పంపుతరా?”

“అమ్మా, అది కంప్యూటర్. దానికి వారాలు తెల్వయి.”

“నీకు తెలుసు గదా?”

“...నాకు తెలుసు.”

“మరి ఏడాది సంది ఒక్కసారన్న చెప్పకపోతివి.”

“మీ ఫోన్‌కు మెసేజ్‌లు పంపినం. నాలుగు సార్లూ.”

“ఇంగ్లీషుల?”

“ఇంగ్లీషులనే.”

“నా ఫోన్‌కు లాటరీ తగిలిందని గూడ వస్తయి బిడ్డా. ఏది నిజమో నాకెట్లెర్క? బ్యాంకోళ్లు గూడ నాలుగు సార్లు కోసుకున్నరట, పొద్దుగాల చెప్పిన్రు.”

“వాళ్లది వేరే, మాది వేరే.”

“ఒక్క తప్పుకు రెండు దెబ్బలా? గోరుచుట్టు మీద రోకటిపోటంటె గిదే.”

“ఏంది కట్టమ్మా, గంట సంది గదే పంచాయితీ? గిరాకీలు నిలబడ్డరు.”

“సేటూ, నువ్వే చెప్పు. ఫ్రిజ్ అమ్మిన్నాడు ఏమన్నవ్? వడ్డీ సున్న, ముందుగాల కట్టేది సున్న.”

“అన్న. అబద్ధమా? నెలకు పదిహేనొందలు, పన్నెండు నెలలు. పద్దెనిమిది వేలు. వడ్డీ పైసా లేదు.”

“ఫైలు ఖర్చని తొమ్మిదొందల తొంభై తొమ్మిది తీసుకున్నవ్.”

“అది ఫైలుకు.”

“గ్యారంటీ పెంచుతమని పదిహేనొందలు.”

“అది నీ మంచికే.”

“ఒక్క మాట అడుగుత. ఆనాడు నగదు తెచ్చి నీ చేతుల పెడితె ఎంతకిద్దువు?”

“ఇప్పుడెందుకు గా ముచ్చట?”

“చెప్పు సేటూ.”

“నగదు రేటు వేరే ఉంటది కట్టమ్మా. యాపారమన్నంక...”

“ఎంత?”

“పదిహేనున్నర.”

“బిడ్డా, నేను కట్టింది, ఇప్పుడు కట్టేది, అన్ని కలిపి జూడు.”

“బ్యాంకోళ్లది ఇడిచిపెడితె... ఇరవై రెండు వేల ఎనిమిదొందల యాభై తొమ్మిది.”

“ఇన్నవా సేటూ? పదిహేనున్నరది ఇరవై మూడుకు కొన్న. వడ్డీ సున్న!”

“గట్లనద్దు. గా ఫ్రిజ్ లేనప్పుడు సాయంత్రమైతె సగం పూలు మోరీల పోస్తుంటివి. మర్శినవా?”

“మర్వలేదు. అందుకేగా కొన్న. సరే తియ్, అని అని నోరు నొస్తాంది. బిడ్డా, గీ బౌన్సులయి కట్టకుంటె ఏమైతది?”

“ఇయ్యాల ఆరింటికి గడువు. లేకుంటె రేపు పొద్దుగాల ఫ్రిజ్ తీస్కపోనీకి బండి వస్తది. నా చేతుల ఏం లేదమ్మా. పైనుంచి లిస్టు అచ్చింది.”

“రేపా? రేపు ములుగుల పెండ్లి! రెండు దండలు, పూలజడ, మల్లెలు... అన్ని ఫ్రిజ్‌ల పెట్టి అచ్చిన. అడ్వాన్స్ తీసుకున్న. బయట పెడితె ఈ ఎండకు ఉంటయా? పెండ్లోళ్లకు ఏం మొకం చూపెట్టాలె?”

“ఆరింటి లోపల కట్టుండ్రి. బాకీ లేదని కాయిదం గూడ ఇస్త.”

“ఇయ్యాల శుక్రారం బిడ్డా.”

“అమ్మా...”

“కడత. కడత తియ్. కాపురానికచ్చిన కాన్నుంచి పట్టిన నేమం, ఇయ్యాలటితోని తీరె. లక్ష్మి అలిగితె అలుగనియ్, ఫ్రిజ్ పోతె నా పొయ్యే ఆరుతది. బుట్టల మూడొందల అరవై ఎల్లుతయి. రెండువేలు సేటు ఇస్తడు.”

“నేనా? నేనెందుకిస్త?”

“దసరా స్కీమ్! కిస్తీలన్ని కడితె రెండువేలు వాపస్ అని దుకాణం ముంగట బోర్డు కట్టినవ్. ఇగో కార్డు. నీ సంతకమే.”

“ఏదీ, ఇటియ్యి. ఆఁ... మన కార్డే. శ్రీలతా, ఈమెయి పన్నెండూ పడ్డయా?”

“పడ్డయి సార్. నాలుగు ఆలస్యంగ పడ్డయి, కని పడ్డయి.”

“ఆలస్యమైతె ఇయ్యమని కార్డు మీద ఎక్కడ లేదు. రెండువేలు నీయే కట్టమ్మా. భాస్కర్ మాట తప్పడు.”

“సల్లగుండు సేటూ. నీ మీద ఒట్టిగనే కోపానికొచ్చిన. ఇయ్యి మరి, నాలుగు కావొస్తాంది.”

“రేపు రా.”

“ఏంది?”

“రేపు దుకాణం తెర్వంగనే రా. చేతుల పెడత.”

“రేపు బండస్తది సేటూ! ఇప్పుడే ఇన్నవ్ గదా?”

“బండి ముచ్చట ఫైనాన్సోళ్లది. నాకేం సంబంధం?”

“గల్లా నిండ పైసలు కనవడ్తానయి. లేవా?”

“ఉన్నయి. లేక గాదు.”

“ఫోన్ల కొట్టు పోనీ. ఈ బిడ్డ ఫోన్‌కే కొట్టు, ఆమెనే కట్టుకుంటది.”

“ఎట్ల పంపినా పోయేది లక్ష్మే గదా. మా నాయిన నాటి సంది గీ గల్లాలకెల్లి ఇసొంటి దినాన ఒక్క పైస బయటికి పోలె. నీకు నేను చెప్పాల్నా? శుక్రారం.”

“శుక్రారమా?”

“ఏంది కట్టమ్మా, గట్ల చూస్తానవ్?”

“ఏం లేదు సేటూ. శుక్రారం పట్టినందుకు నాకు సారికి ఐదొందల తొంభై పడ్డది. నీకెంత పడుతది?”