ఐదుగురికని లెక్కేసిన అధ్యాయం

మీ నాయనమ్మ ఎప్పుడన్న అబద్ధమాడిందా అని అడుగుతున్నవ్ గద రచనా, ఆడింది. ఒక్కటే సారి. పంతొమ్మిది వందల తొంభై నాలుగు, ఆగస్టు పదకొండు, గురువారం, సాయంత్రం ఏడుంబావుకు. ఈ చిక్కడపల్లి ఇంట్లనే, గీ ముందరి అర్రల. మీ పెద్దనాయన రోజూ ప్రార్థనకు కూసునే జాగల ఒక సత్తుగిన్నె పెట్టి, "ప్రేమ్‌సాగర్, ఇక్కడ కురుస్తున్నది బిడ్డా, జర అటు తమ్ముని పక్కకు కూసో" అన్నది. పైన చుక్క కురవలే. స్లాబు ఏసి ఏడాది కూడ కాలే. నేను కండ్లు దించుకున్న. కోడలిని గద, అత్తమ్మ గిన్నె పెడితే వాన పడ్డట్టే.

ఎందుకాడిందంటె, జర ఎనకకెళ్లి చెప్పాలె. మీ పెద్దనాయనకు, మీ బాపుకు అప్పటికి రెండేండ్ల సంది మాటల్లేవు. ఒకటే ఇల్లు, ఒకటే నల్లా, ఒకటే పేపరు. "యాకోబు గారి స్నానమైందేమో అడుగు" అని మా ఆయన, అదే మీ పెద్దనాయన, నాతోని అనేది. "నల్లా బందైంది, వేటగానికి చెప్పు వదినా" అని మీ బాపు అనేది. కత నీకు తెలుసు గద, బైబిలు గ్రంథంల ఉన్నది. చూపు పోయిన తండ్రి. వేటకు పోయిన పెద్దకొడుకు ఏశావు. మేకతోలు చుట్టుకొనొచ్చి అన్న దీవెన కొట్టేసిన యాకోబు. మనింట్ల అందరికీ నోటికొచ్చు. నోటికొస్తె ఏం లాభం?

అంతకు రెండేండ్ల కింద మీ తాత దాసయ్యకు మోతిబిందు ఆపరేషనైంది, గదే కంట్ల శుక్లాలది. ఒక కంటికి పట్టీ, ఇంకో కన్ను ముందే మసక. "ఇయ్యాల పెద్దోన్ని దీవిస్త, నా తర్వాత ఈ ఇంట్ల ప్రార్థన వాడే నడపాలె" అన్నడు. అన్నోడు ఊకుండక, తలకాయ కూర తినబుద్ధయితుందన్నడు. మీ పెద్దనాయన సంచి పట్టుకొని ముషీరాబాద్ పోయిండు. అంతల మీ బాపు వానల తడిసొచ్చి గజగజ వణుకుతుంటె, అత్తమ్మనే గోడ మొలకు ఏలాడుతున్న పెద్దోని ఊలు స్వెటర్ తీసి తొడిగింది. కంట్ల మందెయ్యడానికని మీ బాపు వంగిండు. తాత స్వెటర్ తడిమి, నెత్తి మీద చెయ్యి పెట్టి మొదలుపెట్టిండు. మనింట్ల అన్నం మాడినా సరే, ప్రార్థన మధ్యల ఎవ్వరూ ఆపరు. తాత ప్రార్థనంటె అర్ధగంట. అబ్రహాముతోని మొదలుపెట్టి నారాయణగూడ చౌరస్తా దాక ఎవ్వరినీ ఇడిసిపెట్టడు. మీ పెద్దనాయన మధ్యల వచ్చి, దర్వాజ కాడనే నిలవడి, చేతుల తలకాయ మాంసం సంచితోని కండ్లు మూసుకొని, తన దీవెనంతా విన్నడు. ఆమేన్ కూడ అందరికంటె ముందు ఆయననే అన్నడు. అన్నంక, "నాయినా, అది తమ్ముడు" అన్నడు. తాతేమో, "దేవుని ముందర పెట్టిన మాట వాపస్ ఎట్లడుగుత బిడ్డా?" అన్నడు. ఆ డిసెంబర్లనే పోయిండు. ప్రార్థన ఎవరు నడపాలె? పెద్దోడు నాకొద్దన్నడు, చిన్నోడు నాది కాదన్నడు. అత్తమ్మనే నడిపింది.

ఇగ మీ బాపు బాగ్ లింగంపల్లిల కిరాయిల్లు చూసుకున్నడు. శుక్రవారం పొద్దుగాల సామాన్ల ట్రాలీ వస్తది. అంటె గురువారమే ఆఖరి ప్రార్థన. వీండ్లు మాట లేకుండనే ఇడిపోతె మళ్ల కలువరని అత్తమ్మ పరేషాన్. మనకు రోజుకొక అధ్యాయం, మనిషికొక వచనం, వరుస తిరుగుతది గద. ఆమె ఐదు చింతగింజలు పేర్చుకొని లెక్కేసింది. గురువారంనాడు వచ్చేది ఆ అన్నదమ్ములు ఇరవై ఏండ్లకు ఎదురువడే అధ్యాయం. అన్న ఉరికొచ్చి తమ్ముని మెడ మీద పడి ఏడ్చింది నాలుగో వచనం. నాకు శాన ఉన్నది తమ్మీ, నీది నువ్వే ఉంచుకో అన్నది తొమ్మిదోది. ఐదుగురు కూసుంటె ఆ రెండూ నాలుగో మనిషికే వస్తయి. అత్తమ్మ, నేను, మీ అమ్మ వీణ, నాలుగు ప్రేమ్‌సాగర్, ఐదు మీ బాపు సురేశ్. పెద్దోడు రోజూ కూసునే జాగల కూసుంటె ఈ వరుస తప్పుతది, అందుకు గిన్నె.

గప్పుడే పక్కింటి కిషన్ రావు గారు వచ్చిండు. వరంగల్ల ఉండే ఆయన బిడ్డ మనింటి నంబరుకే ఫోన్ చేస్తది. "ఫోన్ ఎనిమిదింటికి గదండి, ఇంక శాన టైమున్నది" అన్నది అత్తమ్మ. "పర్వాలేదమ్మా, కూసుంట" అని ఆయన చెప్పులిడిసి మీ బాపు పక్కన కూసున్నడు. ప్రార్థన టైముకు గడప దాటినోల్లకు ఒక వచనం ఇయ్యాలని తాత పెట్టిన కట్టడి. ఐదుగురు ఆరుగురైన్రు. అత్తమ్మ మొఖం చూడలేకపోయిన.

నాలుగోది మీ పెద్దనాయన బస్సు బోర్డు చదివినట్టు చదివిండు. తొమ్మిదోది పోయి మీ అమ్మకు పడ్డది. పాపం, శాన మంచిగ చదివింది. పదోది, తమ్ముని మాట, పెద్దోనికి పడ్డది. కాదనకు, నేను తెచ్చింది తీసుకో, నీ మొఖం చూస్తె దేవుని మొఖం చూసినట్టున్నది అని యాకోబు బతిమాలుతడు. మీ పెద్దనాయన సగం చదివి ఆగిండు.

"కండ్లద్దాలియ్యాల్నా ప్రేమ్‌సాగర్?" అన్నడు కిషన్ రావు గారు.

"కనవడ్తున్నయండి" అన్నడు. మిగిలింది చదివిండు.

తర్వాత మీ బాపు వంతు. చదువుతలేడు. తల ఎత్తకుండనే, "అన్నా, ఆ రోజు నేను ఆపాల్సుండె" అన్నడు.

"ప్రార్థన నడుస్తుంటె ఎట్లాపుతవ్ రా? దర్వాజ కాడ నిలవడి నేనాపిన్నా?" అన్నడు మీ పెద్దనాయన. మళ్ల ఆయననే, "పదకొండోది నీది. చదువు" అన్నడు.

చదివిండు. పన్నెండోది కిషన్ రావు గారు పద్యం లెక్క రాగం తీసిండు. మధ్యల ఫోన్ మోగింది. ఆమేన్ దాక ఎవ్వరూ లేవలే. ఆయన బిడ్డ రెండోసారి చెయ్యాల్సొచ్చింది.

పొద్దుగాల ఆరింటికి ట్రాలీ వచ్చింది. పోవుడు ఆగలే, అడ్వాన్సిచ్చిన్రు గద. ఆ అధ్యాయంల కూడ కలిసినోల్లు చివరికి చెరో దిక్కే పోతరు. సామానంతా మీ పెద్దనాయననే ఎక్కిచ్చిండు. "బీరువా నిలువుగ పెట్టుమంటె అడ్డం పెట్టవడ్తివి, నీకు బుద్ధున్నదా?" "అన్నీ నీకే తెలుస్తయా, పెద్దోనివని?" గల్లీ అంతా బయటికొచ్చింది. ట్రాలీ బీరయ్య తాడు పట్టుకొని నిలవడ్డడు. "అమ్మా, వీండ్లు ఎప్పటికెళ్లి గిట్ల కొట్లాడుతున్నరు?" అని అడిగిండు.

"నిన్న సాయంత్రం సంది బిడ్డా" అని, అత్తమ్మ లోపలికి పోయి బియ్యం కడిగింది.