సెన్సర్ బాబాయ్ గారికి ఆ రెండో ఆయన అభినందన

పంతొమ్మిది వందల తొంభై నవంబరు పన్నెండవ తేదీన, ఇళ్లను వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేసుల మరమ్మతు విభాగంలో సాంకేతికులుగా ప్రవేశించి, నేడు సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్న మాన్యమిత్రులు, ఈ సంస్థ యావత్తూ 'సెన్సర్ బాబాయ్' అని ఆప్యాయంగా పిలుచుకునే పెద్దలు. అదే ఉదయం, అదే బల్ల ముందు, వారికంటే ముందుగా సంతకం చేసినవాణ్ణి నేను. ఈ సంగతి ఎవరికీ గుర్తులేదు కనుక ఈ వీడ్కోలు సంచికలో సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఫర్నేసులో ఫ్లేమ్ సెన్సర్ అనే సన్నని కడ్డీ ఉంటుంది. మంట ఉన్నట్టు దానికి తెలియకపోతే క్షణాల్లో గ్యాస్ ఆగిపోతుంది. దానికి పట్టిన మసిని తుడవడం మాకందరికీ వచ్చు. తుడిచినా ఎందుకు ఆపుతోందని అడిగే ఓర్పు మాత్రం తొలినాళ్ల నుంచీ వారి సొత్తు. భద్రతా స్విచ్‌ను తీగతో దాటవేసి ఈ పూటకి వెలిగించమని గృహస్థులు ఎంత బతిమాలినా వారు ససేమిరా అనేవారు. నేనూ ససేమిరా అన్నవాణ్ణే. అయితే నేను ఫర్నేస్ ఆపితే ఆఫీసుకి ఫిర్యాదు వచ్చేది, వారు ఆపితే లోపలి నుంచి కాఫీ వచ్చేది. ఇదెక్కడి న్యాయం?

అనంతర కాలంలో వారు బర్నర్ల విభాగానికి పర్యవేక్షకులై, కొత్తవారికి శిక్షకులై, కడకు ముఖ్య సాంకేతికులై విభాగానికే వన్నె తెచ్చారు. ఆ మూడు పదవులకూ నేనూ దరఖాస్తు పెట్టుకున్నాను. చలికాలం వస్తే చాలు, "బాబాయ్ గారున్నారా?" అని ఫోన్లు. లేరు, నేను వస్తానంటే, "ఎవరు, ఆ రెండో ఆయనా? పర్లేదులెండి, రేపు చేస్తాం" అనేవారు. చలికి గడగడలాడతారు గాని నన్ను పిలవరు! ఒక్క ఇంటివారైనా ముందుగా నన్నే అడగాలని నా కోరిక. దాచడమెందుకు, కడుపు రగిలిపోయేది.

పుండు మీద కారం చల్లిన ఘనత మా ఆవిడది. ఒక శీతాకాలం మా ఇంటి ఫర్నేస్ వెలిగినట్టే వెలిగి ఆరిపోతోంది. నేను సెన్సర్ తుడిచాను, మార్చాను కూడా. ఇంతలో ఆవిడ చాటుగా ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, మీరొకసారి రావాలి. ఈయనేమో తుడిచిందే తుడుస్తున్నారు." పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! వారు వచ్చి, పనిముట్ల సంచి విప్పకుండానే, "ఈమధ్య ఇక్కడ ఏమైనా మార్చావా అమ్మా?" అని అడిగారు. "ఆ గాలి సందు చూడ్డానికి బాగోలేదని అల్మరా అడ్డం పెట్టించానండీ" అంది మా ఆవిడ. "సెన్సర్ నిజమే చెబుతోందమ్మా. బర్నర్‌కి గాలి అందక మంట నిలవడం లేదు. మీ ఆయన సెన్సర్‌ని మాత్రం అద్దంలా ఉంచారు" అన్నారు. ఆ మెచ్చుకోలు చెంపదెబ్బ కన్నా ఎక్కువ మండింది. ఆ తర్వాత అల్మరాను పక్కకి జరిపింది నేనే.

మొన్న ఆదివారం వారి శ్రీమతి, మా వదినగారు, ఫోన్ చేశారు. "బాబూ, మా ఫర్నేస్ మాటిమాటికీ ఆగిపోతోంది. నిన్నే పిలవమంటున్నారు మీ అన్నయ్య. ఇంకెవరూ వద్దట." నా చెవుల్ని నేనే నమ్మలేదు. వెళ్లేసరికి వారు నెలల పసికందైన మనవరాలిని భుజాన వేసుకుని పచార్లు చేస్తున్నారు. బర్నర్ దాటి మంట బయటికొస్తే గ్యాస్ ఆపే స్విచ్ పదేపదే పడిపోతోంది. అద్దం, టార్చి పెట్టి లోపల వెదికితే, మంట వేడిని ఇంటి గాలికి అందించే రేకులో వెంట్రుకంత పగులు. ఫ్యాన్ తిరగగానే మంట ఊగి వెలుపలికి నాలుక చాస్తోంది.

"ఈ ఒక్క రాత్రికి స్విచ్ నొక్కి వెలిగిద్దామా? చంటిది వణికిపోతుందయ్యా" అన్నారు బాబాయ్ గారు. వారి నోట ఆ మాట!

"కుదరదండీ. ఆ పగుల్లోంచి విషవాయువు ఇంట్లోకొస్తే? చంటిదాన్నీ తల్లినీ మా ఇంటికి పంపండి" అని వాల్వ్ కట్టేశాను.

వారు మనవరాలిని రెండో భుజానికి మార్చుకున్నారు. తర్వాత మెల్లగా, "నిన్నట్నుంచీ నేనే నొక్కుతున్నాను. నా ఇల్లనేసరికి నాకు అనుమానం రాలేదు, చలే కనిపించింది. పొద్దున భయమేసింది. ఇన్నేళ్లలో నువ్వు ఎవరింట్లోనూ ఒక్క స్విచ్‌ కూడా దాటెయ్యలేదు, నాకు తెలియదనుకున్నావా? నేను బతిమాలినా కట్టేసేవాడు కావాలనే నిన్ను రమ్మన్నా" అన్నారు. కళ్లు చెమర్చాయి, మసి పడిందని తుడుచుకున్నాను. అంతలో వదినగారు, "చూశావా, ఎవర్ని పిలవాలో మీ అన్నయ్యకి ఎంత బాగా తెలుసో!" అన్నారు. ఆ మెప్పూ వారి ఖాతాలోకే పోయింది. ఈ ముచ్చట రాయనా వద్దా అని అడిగితే, "రాయి, కుర్రాళ్లు చదవాలి" అన్నది కూడా వారే. ఆ పెద్దమనసు మీద కూడా నాకు అసూయే.

మాన్యమిత్రులు సకుటుంబంగా, సంపూర్ణారోగ్యంతో, మనవరాలి పిల్లల్ని సైతం భుజానికెత్తుకునేంత దీర్ఘాయుష్షుతో వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను. వచ్చే ఏడాది నాకూ విరమణే. ఆ తర్వాత కూడా, వారింట్లో ఫర్నేస్ ఏ చలికాలం మొరాయించినా నాకే కబురు రావాలి. ఇంకొకర్ని పిలిచారని తెలిసిందో, ఊరుకునేది లేదు.