పన్నెండో బొమ్మ

ముందు ఆ సిరా డబ్బా సంచిలో పెట్టెయ్యమ్మా. దాన్ని చూస్తుంటే ఒళ్ళు మండుతోంది నాకు. వేలిముద్రట. పుస్తకం మొదటి పేజీలో నా బొటనవేలి ముద్ర అచ్చేస్తారట, దాని కింద ‘అక్షరం రాని మేస్త్రీ’ అని రాస్తారట. ఎవరికి తట్టింది ఈ ఆలోచన? మీ పబ్లిషరు పెద్దాయనకేనా? అనుకున్నాను. ఫోనులో గొంతు వింటేనే తెలుస్తుంది, ఆయనకు ఆలోచనలు ఎక్కువని.

ఆ కుర్చీ వద్దు, ఇటు కూర్చో. ఏమీ అనుకోకు, అది మా ఆవిడది. ఏడాది కావస్తోంది, దాంట్లో ఎవరూ కూర్చోలేదు. నేను కూడా. దుమ్ము మాత్రం రోజూ తుడుస్తాను. ఈ స్టూలు నాది. కాళ్ళు నాలుగూ సమంగానే ఉంటాయి, భయపడకు, నేను చేసిందే.

టీ తాగుతావా? వద్దా? సరే. నేనూ మానేశాను. ఒక్కడికి పెట్టుకుందామని ఎంత కొలిచి పోసినా రెండు కప్పులే వస్తోంది. రెండోది పారబోయలేక అసలు మానేశాను.

బొమ్మలు పన్నెండూ అదిగో, ఆ ఏటవాలు బల్ల మీదే ఉన్నాయి. ఆవిడ ఆఖరున వేసినవి. తీసుకెళ్ళు, వద్దనను. కానీ కథ చెప్పమంటున్నారే, అదీ నాకు గొంతు దిగంది. బొమ్మల కింద ఒక్క మాటా రాయకుండా ఆవిడ పోయింది కాబట్టి, నేను చూసి చెబితే మీరు రాసుకుని అచ్చేస్తామంటారు. బొమ్మలు ఆవిడవి, మాటలు నావి. ఎందుకంటే ఆవిడ వేసిన ప్రతి బొమ్మనూ మొదట చూసి చెప్పింది నేనే కదా. అక్షరం ముక్క రాని నేను. లోకమంతా ఎరిగిన సంగతే. నువ్వూ చిన్నప్పుడు వినే ఉంటావు.

విన్నావా? ఎక్కడ? ‘తుమ్మని ఏనుగు’ వెనక అట్ట మీదా? అవును, అక్కడ రాశారు. అందులో సగం నిజం.

ఆ నిజమైన సగం ముందు చెబుతాను. నేను వడ్రంగిని. తలుపులు, కిటికీలు, బల్లలు. బడి మొహం చూడలేదు, టేపు మీద అంకెలు మాత్రం తెలుసు. ఆవిడ చిన్నపిల్లలకు టీచరు, ఇంటికొచ్చి బొమ్మలు వేసుకునేది. పెళ్ళయిన కొత్తలో ఒక రోజు ఒక కాగితం నా ముందు పెట్టి, ‘మేస్త్రీ, ఏం కనిపిస్తోంది?’ అంది. ఏనుగు ఏడుస్తోందన్నాను. ఆవిడ మొహం వాడిపోయింది. ఆ ఏనుగు తుమ్ము ఆపుకుంటోందట. కాగితాన్ని అడ్డంగా చింపేసి, కుంచె కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టింది. అలా తొమ్మిది ఏనుగులు చింపింది. పదోదాన్ని చూడగానే నాకే ముక్కులో దురద పుట్టింది. అప్పుడు దాన్ని రెండు అట్టల మధ్య పెట్టి దారం కట్టింది.

అదే మా పద్ధతి అయిపోయింది. బొమ్మ కింద సన్నగా పెన్సిలుతో కథ రాసుకునేది. నాకు చదవడం రాదు కాబట్టి దాచాల్సిన పనే లేదు. నేను చూసి చెప్పిందీ, కింద ఆవిడ రాసుకున్నదీ ఒకటైతే దారం. కాకపోతే చింపడమే. ‘ఆవలించే ఇల్లు’, ‘మేకకు కొత్త చెప్పులు’, ‘ఎక్కడికీ వెళ్ళని బస్సు’, అన్నీ నా కళ్ళ ముందు నుంచి అలా వెళ్ళినవే. మేక కోపంగా ఉందని నేనంటే కనుబొమలు చెరిపేసేది. మేకకు అసలు కనుబొమలేమిటే అంటే, మరి దానికి చెప్పులేమిటని నన్నే ఎదురడిగేది.

పిల్లలు ఉత్తరాలు రాసేవారు, పైన ‘బొమ్మల అమ్మమ్మకు’ అని. మాకు పిల్లలు లేరు. ఉత్తరాలు మాత్రం ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి.

ఇదేమిటి, ఇంకో కాగితమా? అచ్చు వేసుకోవడానికి నా అనుమతా? ఊఁ. ఇలా ఇవ్వు.

మూడో వరుసలో తప్పుందమ్మా. ఆవిడ పోయింది మంగళవారం కాదు. బుధవారం పొద్దున. దిద్దించు.

ఏమిటలా చూస్తున్నావు?

అవును. చదివాను.

ఆ పెన్ను ఇలా ఇవ్వు, సంతకం పెడతాను. ఉండు, కంగారు పెట్టకు, నాకు కాస్త టైము పడుతుంది. అదిగో. వంకరో టింకరో, నాదే. ఈ సంతకాన్ని ఈ ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. ఆవిడతో సహా.

యాభై రెండో ఏట నేర్చుకున్నాను. గ్రంథాలయంలో పిల్లలకు పుస్తకాలు చూపించడానికి ఆవిడ వెళ్తే, తోడుగా నేనూ వెళ్ళాను. ఒక చిన్నపిల్ల మేక పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టి చదవమంది. చదివాను. అంటే, బొమ్మలు చూసి చెప్పుకుంటూ పోయాను. ఆ పిల్ల పక్కన నిలబడి అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ వస్తోంది. సగంలో ఆపి, ‘తాతా, ఇక్కడ అలా లేదు’ అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. చూసి, ఎవరికీ వినపడకుండా నా చెవిలో, ‘నేను చదివిపెట్టనా?’ అంది. ఏడేళ్ళు కూడా ఉండవు. వెక్కిరించి ఉంటే అక్కడితో పోయేది. జాలిపడింది. ఆ జాలి మేకులా దిగింది నాకు.

మా వీధి చివర మందుల షాపు పైన రాత్రి బడి ఉండేది. పద్నాలుగు నెలలు వెళ్ళాను. ఏదో హోటలుకు కిటికీలు చేస్తున్నామని, పని ఎక్కువగా ఉందని ఇంట్లో చెప్పాను. నా పక్కన కూరగాయలమ్మే ఆవిడ, ముందు ఒక కాపలాదారు. పంతులు నాకంటే పాతికేళ్ళు చిన్నవాడు. ఆయన బోర్డు దగ్గరికి రమ్మంటే సుద్దముక్కను ఉలిలా పట్టుకునేవాణ్ణి. చెక్క గీతకు లొంగుతుందమ్మా, గీసిన చోట కోస్తే సరిపోతుంది. అక్షరమేమో అన్నీ వంపులే, పట్టుకుందామంటే మూల దొరకదు. మొండివాణ్ణి కాబట్టి వదల్లేదు.

ఇంటికి రాగానే ఆవిడ నా చొక్కా చేతులు దులిపేది. సుద్దపొడి. ఏమిటిది అంటే, చెక్క పగుళ్ళకు పెట్టే పుట్టీ అన్నాను. నమ్మింది. నమ్మిందనే అనుకున్నాను.

ఒక పుస్తకం మొత్తం తడబడకుండా చదివిన రోజు చెబుదామని ఊరుకున్నాను. ఆ రోజు రానే వచ్చింది. బస్సు పుస్తకాన్ని నా వడ్రంగి కొట్లో రంపపు పొట్టు మీద కూర్చుని, పైకి, ఒక్కసారి కూడా ఆగకుండా చదివాను. ఆ సాయంత్రమే చెప్పేద్దామని ఇంటికొస్తే, పత్రిక నుంచి ఎవరో వచ్చి కూర్చున్నాడు. ఆవిడ నవ్వుతూ చెబుతోంది. ‘మా మేస్త్రీకి అక్షరాలు రావు కాబట్టే నా బొమ్మలు మాట్లాడుతున్నాయి. ఆయన చదవడం నేర్చుకున్న రోజు నేను కుంచె కింద పెట్టేస్తాను.’

తమాషాకే అంది. అది నాకూ తెలుసు. అయినా గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పాలో వద్దో తెలియలేదు. ఆ పత్రికతను ఫొటో కోసం వేలిముద్ర వెయ్యమన్నాడు. వేశాను. మీ పెద్దాయన ముచ్చటపడింది ఆ ముద్ర చూసే.

అక్షరం వచ్చాక కన్ను దాన్ని వదలదమ్మా. బొమ్మ ముందు పెడితే చూపు కిందికే జారేది. చదవకూడదని అనుకునేలోపే చదివేసేవాణ్ణి. కళ్ళజోడు తీసేస్తే బొమ్మే కనిపించదు. మాటల మీద బొటనవేలు అడ్డం పెట్టుకుంటే, ‘వేలు తియ్యి, మసి అంటుకుంటుంది’ అని కసిరేది. ఇక నేను చెప్పేది ప్రతిసారీ సరిపోయేది. చింపడం ఆగిపోయింది. ‘నా చెయ్యి కుదిరింది మేస్త్రీ’ అని మురిసిపోయేది. ఆ మురిపెం చూసి నేను ఇంకా లోపలికి కూరుకుపోయేవాణ్ణి.

మూడు పుస్తకాలు అలా వెళ్ళాయి. మూడోది నత్తది. దాని ఇల్లు వానకు కారుతుంది, నలుగురిలో చెప్పుకోలేదు. ఒక బొమ్మ కింద ‘సిగ్గుపడింది’ అని రాసి ఉంది. పాపం సిగ్గుపడుతోందే అన్నాను. దారం కట్టేసింది. అచ్చయ్యాక ఒక పిల్ల ఉత్తరం రాసింది. నత్త నిద్రపోతోంది కదా, అందరూ దాన్ని ఎందుకు ఓదారుస్తున్నారు అని. అలాంటివే ఇంకా నాలుగైదు వచ్చాయి. ఆవిడ ఆ పేజీని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత తన వేళ్ళు చూసుకుంది.

‘నా చెయ్యి పోయింది మేస్త్రీ’ అంది.

పోయింది ఆవిడ చెయ్యి కాదు, నా కన్ను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆవిడ కుంచెలన్నీ కడిగి, బట్టలో చుట్టి అటక మీద పెట్టేసింది.

ఏడేళ్ళమ్మా. ఏడేళ్ళు ఈ గదిలో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని వాన గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. మధ్యలో ఆ ఖాళీ బల్ల. ఒంటరితనం నాకు ఇప్పుడొచ్చిందనుకుంటున్నావా? అప్పుడే వచ్చింది. ఇప్పుడు కుర్చీ కూడా ఖాళీ అయింది, అంతే.

పోయిన ఏడాది ఉన్నట్టుండి కుంచెలు దించమంది. దించాను. నెల రోజులు నన్ను బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఒక మధ్యాహ్నం పన్నెండు కాగితాలూ వరుసగా పరిచి, పాత గొంతుతో అడిగింది. ‘మేస్త్రీ, ఏం కనిపిస్తోంది?’

అలవాటు కొద్దీ చూపు కిందికి జారింది. కింద ఏమీ లేదు. ఉత్త కాగితం. మెట్టుందనుకుని కాలు వేస్తే లేనట్టయింది నాకు.

దగ్గరికి రా, చూద్దువుగాని. ఇదిగో ఎలుగుబంటి, చొక్కా వేసుకుంది. చీకటి పడే వేళ సంచి పట్టుకుని బయటికి వెళ్తోంది. కిటికీలోంచి ఈ పిచ్చుక చూస్తోంది. ఇందులో తిరిగొచ్చింది, చేతులు తెల్లగా ఉన్నాయి. పిచ్చుక ముక్కుతో ఆ చేతులు దులుపుతోంది. మళ్ళీ వెళ్తుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ దులుపుతుంది. పదకొండోదాంట్లో ఎలుగుబంటి గుమ్మంలో నిలబడిపోయింది, లోపలికి రావడం లేదు.

నేనేమన్నానో తెలుసా? రొట్టెలు చేసే చోట పనికి వెళ్తోంది, చేతులకు పిండి అంటుకుంది అన్నాను.

ఆవిడ చింపలేదు. దారమూ కట్టలేదు. పన్నెండోది నా ముందుకు జరిపింది. ఇదే. చూడు, పిచ్చుక వీపు ఒక్కటే వేసింది. మొహం లేదు. అటు తిరిగి, రెక్కలు ముడుచుకుని కూర్చుంది. నిద్రపోతోందన్నాను. ఆవిడ నన్ను కాసేపు చూసి, ‘నిద్రపోతోందా? సరేలే మేస్త్రీ’ అంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క బొమ్మకూ సరేలే అనలేదు. రెండు నెలలకు పోయింది.

ఏమన్నావు? పిండి కాదంటావా?

తెలుసమ్మా. ఆవిడ పోయాక పాత చొక్కాలు సర్దుతుంటే ఒక జేబులో సుద్దముక్క దొరికింది. దాన్ని పట్టుకుని ఈ బల్ల దగ్గరికి వచ్చి, ఆ తెల్ల చేతులు చూశాను. అప్పుడు తెలిసింది. ఆవిడకు తెలుసని నాకు తెలిసేసరికి, చెప్పుకోవడానికి ఆవిడ లేదు.

ఎప్పుడు తెలిసిందో మరి. చొక్కా దులిపిన రోజేనా, ఆ ఏడేళ్ళూ ఖాళీ బల్ల ముందు కూర్చుని పోల్చుకుందా? తెలిసి కోప్పడిందా, నవ్వుకుందా, పోనీలే అనుకుందా? అదంతా ఈ వీపులోనే ఉంది. ఆవిడకు వీపు చాలమ్మా. మేక పుస్తకంలో ఆఖరి పేజీలో మేక అటు తిరిగే ఉంటుంది, చూశావా? దానికి సంతోషంగా ఉందని నేనే చెప్పాను, తోక చూసి. చప్పున చెప్పాను. ఇప్పుడు ఏడాదిగా రోజూ పొద్దున్నే వచ్చి దీన్ని చూస్తున్నాను. పిచ్చుక వీపు కనిపిస్తోంది. అంతకు మించి ఏమీ కనిపించడం లేదు.

కాబట్టి మీకు చెప్పడానికి నా దగ్గర కథ లేదు. మాటలు పెట్టకండి. ముసలాడు మొండికేశాడని మీ పెద్దాయనతో చెప్పు. కింద మాటలుంటే చదవడం వచ్చిన పిల్లలు నాలాగే కిందికి చూస్తారు. మొదటి పేజీలో ‘అక్షరం రాని మేస్త్రీ’ అన్నది మాత్రం తీసెయ్యండి. ఇంకెన్నాళ్ళు మొయ్యను?

ఒక్క పని చేసిపెట్టు నాకు. ఇంకా అక్షరాలు నేర్చుకోని పిల్ల ఎవరైనా మీ ఇంట్లో ఉందా? అక్క కూతురా? ఎన్నేళ్ళు? నాలుగా. చాలు. దానికి ఈ పన్నెండోది చూపించి, ఏం కనిపిస్తోందని అడుగు. ముందే నువ్వేమీ చెప్పకు. నీ మొహంలో కూడా ఏమీ కనిపించనివ్వకు, పిల్లలు అవి చదివేస్తారు. అదేమంటే అది, ఉన్నదున్నట్టు ఒక కార్డు మీద రాసి నాకు పంపు. కోపంగా ఉందన్నా సరే. ముసలాడు బాధపడతాడని మార్చి రాయకు.

ఫోను వద్దమ్మా. రాసే పంపు.

చదువుకుంటాను.