రాతి చీర

"పెద్దమ్మా, గడప కాడ గా నల్లరాయి ఏంది? దేశంగాని దేశంల ఉన్న మా పాప ఫోన్‌ల చూసి అడుగుతుంది."

గా రాయా? మీ పెదనాయిన చెక్కిందే బిడ్డా. మగ్గం నేసేటాయనే, గని రాయంటే పిచ్చి. దసరా అయినంక ఈ మరాఠీ ఊర్ల మన దాజీ పేట్ మైదానంల రాళ్లు చెక్కేటోళ్లంత కూడేటోళ్లు. ఏడేడికెళ్లో వచ్చేటోళ్లు. ఉలుల సప్పుడు ఎట్లుండె అనుకున్నవ్, రేకుల మీద వాన మొదలైనట్టు. ఒకని రాయి ఇంకొకడు నిమిరి చూసుడు, భాష రాకున్న నవ్వుకునుడు. నేను బీడీలు చుట్టే చాట ఒళ్లె వెట్టుకొని గక్కడనే కూసునేదాన్ని. మా ఆడిబిడ్డ సుత వచ్చేది, ఆమెకు చాయ్ మీదనే పాణం... ఏం చెప్తున్న? ఆఁ.

వాళ్లకొక రివాజు ఉండె. కొత్తోడు తన రాయి నడుమ వెట్టాలె. నచ్చితె ఎవరన్న లేచి చెంబెడు నీళ్లు పోస్తరు. తడిస్తె గీతలన్ని లేస్తయి గదా. గిట్ల నీళ్లు పోస్తె వాడు వాళ్లల్ల ఒకడు. ఎవ్వరు లెవ్వకపోతె రాయి ఎత్తుకొని ఇంటికి పోవాలె, బస్.

ఈయనకు ఎన్నేండ్ల సందో గా నీళ్ల మీదనే ఆశ. అందరు దేవుళ్లను తెస్తె ఈయన దండెం మీద ఆరేసిన చీర చెక్కి తెచ్చిండు. దేవుడు దొరకలేదా, బట్టలు ఉతుక్కొని వచ్చినవ్ అని ఎవడో అంటె నవ్విండ్రు. నేను చూస్తె ఏముంది, చీర ఉల్టా ఉంది. పువ్వుల ఎనుక ఏలాడే పోగులు సుత చెక్కిండు. మగ్గం మీద మనకు ఉల్టా దిక్కే కనిపిస్తది గదా, ఆయన చెయ్యికి గదే ఎరుక. ఎవ్వరు లెవ్వలే.

అప్పుడొక ముసలి కాకా, మరాఠీ ఆయన, వంగి ఆ పోగులను ఏలుతోని ముట్టిండు. ఇవేంది అన్నడు.

"పోగులు కాకా," అన్నడు ఈయన, మెల్లగ. "నేసేటోనికి గీ దిక్కే కనిపిస్తది."

కాకా లేచిండు. ఆయననే పొయ్యి చెంబు తెచ్చిండు. నీళ్లు పడంగనే, నీకెట్ల చెప్పాలె, గాలి లేకున్న చీర ఊగింది బిడ్డా. నాకట్లనే కనిపించింది.

ఇప్పుడు మైదానంల ఇండ్లు లేచినయి. వానొస్తె నేను గడపల కూసొని దాన్నే చూస్త.

అంత దూరంల అక్కడోళ్లు మన పిల్లలను కలుపుకుంటరో లేదో అని నీకెప్పుడు రంధి. ఎవరో ఒకరు లేస్తరు తియ్యి. సల్లగుండుండ్రి. ఇగో, ఆ చెంబు అందుకో. పాపను ఫోన్‌ల చూడుమను. రాయి మీద నీళ్లు పొయ్యి... మెల్లగ... ఆఁ, గట్ల...