త్రాసు బాబాయి, రోము రాజు

త్రాసు బాబాయి నోరు విప్పాడంటే టీ కొట్టు బల్ల మీంచి ఎవరూ లేవకూడదు. లేస్తే బాబాయికి చిన్నతనం. చిన్నతనం అన్నది పైకి చెప్పే మాటే లెండి. అసలు సంగతేమిటంటే, ఒకడు లేస్తే వాడి వెనకే ఇంకొకడు లేస్తాడు, అందరూ ఎవరిళ్లకు వాళ్లు పోతారు, అప్పుడు బాబాయి కూడా వెనక వీధిలో మేడ మీదున్న తన గదికి పోవాలి. భార్య పోయాక దిగిన గది అది. అక్కడ లైటు వేసినా తనే, ఆర్పినా తనే. ఈ సంగతి టీ కొట్టులో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

త్రాసులు, కాటాలు బాగుచేయడం ఆయన పని. అంకెలు వెలిగే మిషన్లు వచ్చి పని సన్నగిల్లింది గానీ నోరు సన్నగిల్లలేదు. ఆ సాయంత్రం బల్ల మీద లారీ డ్రైవరు, దర్జీ, డ్యూటీ దిగి వచ్చిన నర్సమ్మ ఉన్నారు. డ్రైవరు అప్పటికే గ్లాసు ఖాళీ చేసి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. అది చూసి బాబాయి గొంతు సవరించుకున్నాడు.

మొదట చిన్నగానే ఎత్తుకున్నాడు. మూసేస్తున్న ఓ కిరాణా కొట్టువాళ్లు తమ పాత త్రాసు తనకి ఇచ్చేశారట. ఒక పళ్లెం అడుగున లక్క ముద్ద కనిపించింది. పళ్లెం తేలిగ్గా ఉంటే అడుగున ఏ ఇనప ముక్కో అతికించి రెండూ సమం చేయడం మామూలే. లక్క గీరి చూస్తే లోపల కిలుం పట్టిన పచ్చటి బిళ్ల, బిళ్ల మీద మగమనిషి మొహం. ఇంకొకడైతే బూడిద పెట్టి తోమి పారేసేవాడు, కిలుంతో పాటు మొహమూ పోయేది. తను తోమలేదు, ఎందుకంటే బిళ్ల వెనకవైపు ఒకావిడ నిలబడి ఉంది, ఆవిడ చేతిలో త్రాసుంది. త్రాసు పట్టుకున్న మనిషిని నేను గుర్తుపట్టనా అన్నాడు బాబాయి. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పి చూపించాడు కూడా. ఇంతవరకూ దర్జీ సైతం నమ్మాడు.

మ్యూజియంకి పట్టుకెళ్తే అక్కడి ఆఫీసరమ్మ భూతద్దం పెట్టి, అంచు చుట్టూ అరిగిన అక్షరాలు కూడబలుక్కుని, ఇది రోము రాజు కాలపు నాణెమని తేల్చింది. అంచు తిప్పి తిప్పి చూసి, పోతపోసిన నకిలీ కాదు, అచ్చు గుద్దినదే అంది. కిలుం గీకొద్దు, చెమట చేత్తో ముట్టొద్దు, తేమ తగలకుండా ఈ కాగితంలో ఉంచమంది. ఇలాంటివి మా దగ్గర చాలా ఉన్నాయి, మీరే దాచుకోండి అని కూడా అంది గానీ ఆ ముక్క బాబాయి చెప్పడు.

డ్రైవరు తాళాలు ఊపాడు. బాబాయి ఇంకో మెట్టు ఎక్కాడు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? బరువు చూద్దామంటే మ్యూజియం త్రాసే చెడిపోయి ఉందట. ఎవరి ముందు ఎవరి త్రాసు చెడిపోవడం? చిటికెలో బాగుచేసి, ఒక పళ్లెంలో నాణెం పెట్టి, రెండో పళ్లెంలో గ్రాము రాళ్లు వేశాడు. నాణెం లేవలేదు. కిలో రాయి వేశారు, లేవలేదు. ఆఫీసరమ్మ పుస్తకాలన్నీ పేర్చారు, బీరువా ఎక్కించారు, చివరికి వాచ్‌మన్‌నీ వాచ్‌మన్ బావమరిదినీ కూర్చోబెట్టినా నాణెం ఉన్న పళ్లెం నేల వదలలేదట. మధ్యలో ఈ బావమరిది ఎక్కడ ఊడిపడ్డాడని దర్జీ అడిగాడు. క్యారేజీ ఇవ్వడానికి వచ్చాడన్నాడు బాబాయి, తడుముకోకుండా.

ఇక ధర. ఆఫీసరమ్మ ముందు వరండా రాసిస్తానందట, తర్వాత పై అంతస్తు, ఆ తర్వాత తన కుర్చీతో సహా మ్యూజియం మొత్తం నీదే, నాణెం ఇచ్చి వెళ్లు బాబూ అందట. మరి పుచ్చుకోలేదేం అన్నాడు డ్రైవరు. అంత ఇంట్లో ఒక్కణ్ణీ ఏం చేసుకోనురా అని, నాలిక్కరుచుకుని, తుడవలేక చావాలి అని నవ్వేశాడు బాబాయి. నర్సమ్మ ఆయన వైపు ఒకసారి చూసింది.

డ్రైవరు లేచి నిలబడ్డాడు. బాబాయి ఇక దాచి లాభం లేదని, ఆ రాజు తనతో మాట్లాడతాడని చెప్పేశాడు.

పొట్లం విప్పగానే, పక్కకి తిరిగి ఉన్న రాజు కాస్తా ఇటు తిరిగి కూర్చుంటాడట. ఏ ఊరి మీద దండెత్తాడో, ఏ ఓడ ఎక్కడ మునిగిందో పూసగుచ్చినట్టు చెబుతాడట. ఫలానాచోట ఓడిపోయాను, అప్పుడు నువ్వు పక్కనుంటే బాగుండేదోయ్ అంటాడట. వెనకవైపు ఆవిడైతే తన త్రాసు ఒరిగిందని అలిగి, బాబాయి చేత సూదిమొనతో సరిచేయించుకుందట. రోము రాజుకి మన భాష ఎలా వచ్చిందని దర్జీ అడ్డుపడ్డాడు. కిరాణా కొట్టు త్రాసు కింద కూర్చుని అన్నేళ్లు బేరాలు విన్నవాడికి రాక చస్తుందా అన్నాడు బాబాయి.

అందరూ పడీ పడీ నవ్వారు. డ్రైవరు కూర్చుని రెండో టీ చెప్పాడు. బాబాయికి ప్రాణం లేచొచ్చింది. ఈ నవ్వు ఆగేలోపు ఇంకోటి అందించాలి. తొందరలో అల్లడానికి వ్యవధి లేక నోటికొచ్చింది చెప్పేశాడు.

"ఇన్ని యుద్ధాలు చేసినవాడా, సాయంత్రం నేను గదికి పోయి పొట్లం విప్పితే మొట్టమొదట ఏమడుగుతాడో తెలుసా? తిన్నావా అంటాడు. ఇంత ఆలస్యమైందేం, తిన్నావా అంటాడు."

నర్సమ్మ గ్లాసు కింద పెట్టింది. తప్పు పట్టాలని కాదు, రోజంతా మంచాల మధ్య తిరుగుతూ అదే మాట అడిగే మనిషి ఆవిడ.

"మిగతావన్నీ బాగానే ఉన్నాయి బాబాయ్. ఆ మాట అడగడానికి రాజు దాకా ఎందుకు? ఇంట్లో ఎవరూ లేరా?"

బాబాయి నోరు తెరిచాడు. వాచ్‌మన్ బావమరిదిని చిటికెలో పుట్టించిన నాలుకకి ఈసారి ఒక్క మనిషీ దొరకలేదు. పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"లేరమ్మా," అన్నాడు.

నవ్వు చల్లారిపోయింది. దర్జీకి షాపు కట్టేయాలని గుర్తొచ్చింది. నర్సమ్మ ఏదో అనబోయింది, ఇంతలో ఆవిడ బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. డ్రైవరు రెండో టీ రాకముందే లేచాడు. ఎవరి తప్పూ లేదు, ఏమనాలో తోచనప్పుడు మనిషి లేచి వెళ్లిపోతాడు. అయితే ఉత్తినే పోవడానికి డ్రైవరుకి మనసొప్పలేదు. కొట్టు మెట్టు దిగి, వెనక్కి తిరిగి, తిన్నావా బాబాయ్ అని అడిగాడు.

"ఆ, తిన్నాను," అన్నాడు బాబాయి.

అంత చిన్న కోత ఆయన ఎన్నడూ కోయలేదు. ఆయన కోతల్లో ఎదుటివాడు నమ్మింది అదొక్కటే.