డాక్టరమ్మగారి కారుకు గాలి పట్టిన వైనం

పంక్చర్ల బాబాయి కొత్త అల్లుణ్ణి వెంటబెట్టుకుని టీ కొట్టుకు రావడం అదే మొదలు. బల్ల మీద పక్కనే కూర్చోబెట్టుకుని, టీ చెప్పి, గొంతు సవరించుకున్నాడు. ఎదుటి బల్ల మీదున్న దర్జీ, టీ కొట్టావిడ మొహమొహాలు చూసుకున్నారు.

"డాక్టరమ్మగారి పాత కారు సంగతి చెప్పాలయ్యా నీకు. వాళ్ల తాతగారు కొన్నది. పాతకార్ల పందెం రోజు పొద్దున్నే నాకు కబురొచ్చింది, వెనక చక్రం చప్పబడిందని. వెళ్లాను. కొత్త ట్యూబుకి పౌడరు రాశాను, పసిపిల్లకి రాసినట్టు. టైరు అంచుకి సబ్బునీళ్లు పూశాను. ట్యూబు ఎక్కడా నలగకుండా ఎక్కించేశాను."

"బాగుంది మామయ్యా," అన్నాడు అల్లుడు.

"ఊరికే ఎక్కిందనుకున్నావా? టైరెక్కించే ఇనప లివరు పెడితే లివరు వంగింది. గడ్డపార పెడితే పాములా చుట్ట చుట్టుకుంది. ఇక లాభం లేదని చిటికెనవేలితో లాగి కూర్చోబెట్టాను."

"పోయినసారి బొటనవేలన్నావు బాబాయ్," అంది టీ కొట్టావిడ.

"అది ముందు చక్రానికమ్మా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి కొడుతుంటే పంపు చేతుల్లోనే విరిగింది. అవతల జెండా ఊపబోతున్నారు, ఇవతల డాక్టరమ్మగారు సీట్లో కూర్చుని కళ్లు ఒత్తుకుంటున్నారు. ఏం చేస్తాను, వాల్వుకి నోరు పెట్టి ఊదాను. చక్రం లేచింది, దాంతోపాటు బండీ లేచింది, నేను ఊదుతూనే ఉన్నాను, మేడ దాటింది, పావురాలు పక్కకి తప్పుకున్నాయి. ఆవిడ పైనుంచి 'చాలు నాయనా' అంటుంటే నాకు వినబడితేగా."

"మరి నువ్వెక్కడున్నావ్?" అన్నాడు దర్జీ.

"వాల్వు పళ్లతో పట్టుకుని వేలాడుతున్నా. కింద పందెం కార్లన్నీ చీమల్లా పోతున్నాయి. అప్పుడు నోరు కాస్త వదులు చేశాను. గాలి బుస్సుమంది. కారు దూసుకుపోయి అందరికన్నా ముందు గీత దగ్గర దిగింది. ఆవిడ జడ కూడా చెదరలేదు."

అల్లుడు మొహమాటంగా గ్లాసు కింద పెట్టాడు.

"మామయ్యా, ఆ కారు ఈమధ్యే మా మ్యూజియానికి ఇచ్చేశారు. రోజూ తుడిచేది నేనే. దానివి గాలి టైర్లు కావు. మొత్తం గట్టి రబ్బరే. మొదట్నుంచీ అవే చక్రాలట. ట్యూబు పట్టే సందే లేదు."

దర్జీకి టీ పొలమారింది. టీ కొట్టావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి అల్లుడి మొహంలోకి ఒక్క క్షణం చూసి, తృప్తిగా మిగతావాళ్ల వైపు తిరిగాడు.

"విన్నారుగా? అందుకే నాకు ఊదడం అంత కష్టమైంది."

అందరికన్నా ముందు నవ్వింది అల్లుడే.